అక్క వైపు తలుపు

మా ఎదురింటి వకీలుగారు తన పాత పెట్రోలు కారులో డీజిల్ ఇంజను వేయించారు. నిన్న పొద్దున అది మొదటిసారి మోగింది. మోగడమంటే అలా ఇలా కాదు, మా వంటింట్లో బోర్లించిన గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. వకీలుగారు గేటు దగ్గర నిలబడి, పెళ్లికొడుకు తండ్రిలా నవ్వుతూ, "ఎలా ఉంది మాతాజీ?" అన్నారు హిందీలో.

"బ్రేకులు మార్పించారా?" అన్నాను.

పాపం, ఆయన మొహం చిన్నబోయింది. మెచ్చుకోలు కోసం నిలబడ్డ మనిషిని అలా అడగకూడదని నాకూ తెలుసు. కానీ ఆ చప్పుడు చెవిన పడ్డాక నా ఎదుట వకీలుగారు లేరు. మా బావగారు ఉన్నారు. పంచె మీద కోటు, కాళ్లకు చెప్పుల్లేవు, పళ్ల మధ్య వెదురుపుల్ల.

బావగారంటే మా ఆయనకు అన్న. బస్తర్‌లో, శబరి నది ఒడ్డున ఉన్న కొంటాలో మా అత్తవారిది చింతపండు, ఇప్పపువ్వు, ఉప్పు వ్యాపారం. భద్రాచలం వైపు నుంచి నేను ఆ ఇంటికి కొత్తకోడలిగా వచ్చేనాటికి యుద్ధం ఇంకా నడుస్తోంది, బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానమే. ఆ ఇంట్లో అత్తమామలు అప్పటికే లేరు. ఉన్నది నలుగురం: బావగారు, ఆయన భార్య, మా ఆయన, నేను.

బావగారు నాతో మాట్లాడేవారు కాదు. కోపం కాదు, మర్యాద. తమ్ముడి భార్యతో ఎదురెదురుగా మాట్లాడటం మా ఇళ్లలో అప్పుడు లేదు. నేను ఆయన ముందు కూర్చోను, ఆయన నా మొహంకేసి చూడరు. అంతమాత్రాన మాటలు ఆగుతాయా? నాకు చెప్పాల్సినవన్నీ ఆయన వస్తువులకు చెప్పేవారు. పీట మీద కూర్చుని ఎదురుగా ఉన్న స్తంభంతో, "పులుసుల ఉప్పెక్కువైందని ఎవరన్న చెప్తే బాగుండు" అనేవారు. నేను తలుపు వెనక నుంచి పిల్లికి చెప్పేదాన్ని: "పులుసు చేసింది పెద్దకోడలని ఎవరైనా చెబితే ఇంకా బాగుండు." మధ్యలో ఆ పెద్దకోడలు నవ్వలేక, దగ్గలేక సతమతమయ్యేది.

ఆమెను నేను అక్కా అనేదాన్ని. తోటికోడలని పేరే గానీ ఒక్కనాడూ నాతో పోటీపడలేదు. ఉబ్బసం మనిషి. నాలుగడుగులు గబగబా వేస్తే గొంతులో పిల్లనగ్రోవి మోగేది. జగదల్‌పూర్‌లో పుట్టింది, అక్కడ తెలుగు కోమట్ల దుకాణాల వరసలో వాళ్ల నాన్నది ఒకటి. దసరా రథం వాళ్ల అరుగు ముందు నుంచే పోయేదట. తెలుగు కంటే అక్కడి హల్బీ భాష ఆమెకు తేలిక, కోపం వస్తే హల్బీలోనే వచ్చేది. పెళ్లినాడు బావగారు ఆమెకిచ్చిన మాట ఒక్కటే, ఏటా దసరాకు రథం చూపిస్తానని. నేను వచ్చేనాటికి ఆ మాట ఇంకా బాకీ ఉంది.

మాట నిలుపుకోవడానికే ఆయన కారు కొన్నారు. జగదల్‌పూర్ నుంచి బదిలీ అయిపోతున్న ఎవరో దొర వదిలించుకున్న పాత మూతకారు అది. నాలుగు తలుపులు, అద్దాలకు ముడతలు పడ్డ పరదాలు. యుద్ధంలో పెట్రోలు దొరక్క కొన్నాళ్లు గొడ్లపాకలో ఉంటే వెనక సీటు మీద కోడి గుడ్లు పొదిగింది. ఆ కోడిని లేపనివ్వలేదు బావగారు. "పిల్లలైనంక పోతది తియ్. బండి ఎటూ పోయేది లేదు గద" అన్నారు.

అయితే ఆ కారుకొక రోగం ఉంది. సుకుమా దాటి జగదల్‌పూర్ పోవాలంటే దర్భా ఘాట్ ఎక్కాలి. మనుషులతో అది ఘాట్ ఎక్కలేదు. ఆ రోజుల్లో ఇది వింత కాదు, ఏ బండి అయినా ఘాట్ మొదట్లో ఆగుతుంది, జనం దిగుతారు, బండి ఒంటిగా మూలుగుతూ పైకి పోతుంది, జనం వెనక నడిచి పోతారు. మగవాళ్లు చుట్టలు ముట్టించుకుంటారు, ఆడవాళ్లు ఇంట్లో చెప్పుకోలేని మాటలు చెప్పుకుంటారు. నడవలేనిది మా అక్క ఒక్కతే. నేను రాకముందు ఒకసారి ఆమెను దుప్పటి డోలీలో వేసి, దగ్గరి ఊరి మనుషుల చేత మోయించారట. పైకి చేరాక అక్క రథం చూడనంది, అక్కడి నుంచే వెనక్కి తిప్పించింది.

"చింతపండు మూటోలె మోసిన్రు చెల్లే. నా మొహం మీద చెమట కార్చుకుంట మోసిన్రు. గట్ల పుట్టింటికి పోవుడేంది? నేను సచ్చినా మల్ల మోయించుకోను" అంది నాతో.

ఆ మాట బావగారు విన్నారు. ఆయన వినడం వేరు. ఇంజనులో తేడా వస్తే వెదురుపుల్ల ఒక కొస పళ్లతో పట్టి, రెండో కొస ఇనుముకు ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. రోగం ఎక్కడో పళ్లకు తెలుస్తుందట. ఇంట్లో ఎవరితో బేరమాడుతున్నా మధ్యలో ఠక్కున ఆగిపోయి, లోపలి గదిలో అక్క ఊపిరి సంగతి విని, మళ్లీ బేరం అందుకునేవారు. ఎదుటివాడు అదేదో బేరం ఎత్తుగడ అనుకుని ధర తగ్గించేవాడు.

ఆయనకొక ఊతమాట ఉంది. "ఎక్కుడే కష్టం, దిగుడుదేముంది?" తాటిచెట్టు గురించి అదే మాట, వ్యాపారం గురించీ అదే మాట. పెళ్లికి తటపటాయిస్తున్న మా ఆయనకు కూడా అదే చెప్పి నా మెడలో తాళి కట్టించారట. అందులో దిగుడేమిటో నాకిప్పటికీ తెలియదు.

యుద్ధం అయిపోయాక కోస్తాలో మిలిటరీ సామాన్లు వేలం వేస్తున్నారని కబురొచ్చింది. బావగారు పడవెక్కి గోదావరి మీద రాజమండ్రి వైపు పోయారు. తిరిగొచ్చినప్పుడు శబరిలో, పడవ మీద ఉప్పు బస్తాల మధ్య గోనెపట్టా కప్పుకుని పడుకుని ఉంది, మిలిటరీ లారీ ఇంజను. గేరుపెట్టెతో సహా. ఒడ్డుకు దించేటప్పుడు పడవ ఒకవైపు లేచిందంటే దాని బరువు మీరే ఊహించుకోవచ్చు.

దాన్ని చూసి మా ఆయన, "అన్నా, ఇది కారు అంత ఉన్నది. కారుల ఇంజను పెడ్తవా, ఇంజనుల కారు పెడ్తవా?" అన్నాడు.

"ఎక్కాలె. అంతే" అన్నారు బావగారు.

దానితోపాటే కోస్తా నుంచి వచ్చిన ఒక మేస్త్రీ, మా ఊరి కమ్మరి, బావగారు కలిసి ఆ వానాకాలమంతా పాకలో గడిపారు. మూడు మద్ది దూలాలు పైన కలిపి కట్టి, గొలుసుతో పాత ఇంజను లేపారు. అది ఎంత తేలిగ్గా లేచిందో చూసి అక్క, "పాపం" అంది. కొత్తది పట్టలేదు. ముందున్న నీళ్ల రేడియేటరును ఇంకా ముందుకు జరిపారు. కాళ్లు పెట్టుకునే చోట రేకు కోశారు. షాఫ్టు పొడవైతే రాజమండ్రి పంపి కోయించి తెప్పించారు. బానెట్ మూసుకోలేదు, దానికి నడుమ ఒక మూపురంలాగా రేకు వంచి బిగించారు. ముందు స్ప్రింగులు కుంగితే కమ్మరి ఇంకో రెండు పట్టీలు వేశాడు. మేస్త్రీ ఒకసారి బ్రేకుల సంగతి ఎత్తాడట. అవి పాతకాలపు కడ్డీ బ్రేకులు, ఆ తేలిక ఇంజనుకు సరిపోయేవి. బావగారు చెప్పిన జవాబు నేను చెప్పక్కర్లేదు. దిగుడుదేముంది?

ఇంత చేసిన మనిషి ఒక్కటి మాత్రం బాగుచేయలేదు. వెనక సీటులో అక్క కూర్చునే ఎడమవైపు తలుపుకు లోపలి పిడి విరిగిపోయింది. బయటి నుంచి తీస్తే తప్ప రాదు. ఎక్కడ ఆగినా బావగారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆమె తలుపు తీసి పట్టుకుని నిలబడేవారు. ఇంజనే మార్చినవారికి పిడి ఒక లెక్కా అని నేనంటే అక్క నా తొడ గిల్లింది.

"అది బాగైతే మీ బావగారు నా దిక్కు వస్తరా పిచ్చిదానా?"

ఆ ఏడు దసరాకు నలుగురం బయల్దేరాం. ఘాట్ మొదట్లో బావగారు అలవాటుగా కారు ఆపేశారు. నేను అలవాటుగా నా వైపు తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను. ఆయన స్టీరింగు చక్రంతో అన్నారు, "ఇయ్యాల ఎవరు దిగే పని లేదని ఎవరన్న చెప్పున్రి."

నేను కాలు లోపలికి తీసుకున్నాను. ఇంజను గర్జించింది. సీటు కింద నుంచి వెన్నులోకి పాకింది ఆ వణుకు. మొదటి మలుపులో అక్క నా చెయ్యి పట్టుకుంది, రెండో మలుపులో వదిలేసింది. పరదా జరిపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటిపోతున్న ఆకుల్ని తాకుతూ కూర్చుంది. దారిలో అడవి ఊళ్ల నుంచి దసరాకు నడిచిపోతున్న మాడియాలు పక్కకు తప్పుకుని నోళ్లు తెరిచి చూశారు. పైకి చేరాక, "అయిపోయిందా?" అంది అక్క, పిల్లల చేతిలో మిఠాయి అయిపోయినట్టు. బావగారు అద్దంలో ఆమెను చూసి నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ, అందుకే గుర్తుంది.

జగదల్‌పూర్‌లో అక్క పుట్టింటి అరుగు మీద నిలబడి రథం చూసింది. వందలమంది తాళ్లు పట్టి లాగుతుంటే ఇల్లంత రథం మలుపు తిరిగింది. అక్క ఏడ్చింది, నవ్వింది, దగ్గింది. బావగారు రథం చూశారో లేదో నాకు అనుమానమే. ఆయన బానెట్ తీసి పెట్టుకుని చుట్టూ చేరినవాళ్లకు తన ఇంజను చూపిస్తున్నారు. అక్కడ ఆయనదీ ఒక రథోత్సవం.

తిరుగు ప్రయాణంలో తెలిసింది. ఘాట్ ఇంకా రాకముందే చిన్న వాలు ఒకటి ఉంది. ఎదురుగా ఎద్దుబండి అడ్డం వచ్చింది. బావగారు బ్రేకు తొక్కారు. కారు ఆగలేదు. ముందున్న బరువు దాన్ని ఈడ్చుకుపోయింది. గేరు తగ్గిస్తే గేరు పుల్ల దానంతటదే ఎగిరి గేరులోంచి బయటపడింది. పక్కనున్న పొదలోకి తిప్పేశారు కాబట్టి ఎద్దులు బతికాయి, మేమూ బతికాం. చక్రాల దగ్గర మాడు వాసన కొట్టింది.

అక్కడి నుంచి నడక కంటే మెల్లగా పోయి ఘాట్ పైన ఆగాం. బావగారు దిగి లోయలోకి చూశారు. చాలాసేపు చూశారు. ఆ మొహం మీద మొదటిసారి భయం చూశాను. తర్వాత వచ్చి అక్క వైపు తలుపు తీసి పట్టుకున్నారు.

"దిగు. దిగుడుకు ఆయాసం రాదు, నడుసుకుంట పోన్రి ముగ్గురు. నేను మెల్లగ తెస్త."

"గేరు నిలుస్తదా?" అంది అక్క.

"నిలుస్తది."

"బ్రేకు?"

ఆయన తలుపు ఇంకాస్త బార్లా తీశారు.

"మీరు దిగితే నేను దిగుత" అంది అక్క. "ఎక్కేటప్పుడు కూసోబెట్టిన్రు గద, కూసున్న. దిగేటప్పుడు మీరొక్కరే పోతరా?"

మా ఆయన బతిమాలాడు, కారు ఇక్కడే వదిలేద్దామన్నాడు. బావగారు వినలేదు. దారి మీద, జంతువులు తిరిగే చోట వదిలేసి పోవడానికి ఆయన ప్రాణం ఒప్పలేదు. ఆ కారు ఆయన ఇచ్చిన మాట మరి. అప్పుడు ఆయన నావైపు తిరిగారు. స్తంభం వైపు కాదు, చక్రం వైపు కాదు. నా కళ్లలోకి చూసి, "అమ్మా, నువ్వన్న చెప్పు ఆమెకు. నా మాట ఇంటలేదు" అన్నారు.

పెళ్లయి వచ్చాక ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. పిల్లీ లేదు, తలుపూ లేదు, దాక్కోవడానికి.

"అక్క అన్నదే సరి బావగారూ. ముందు మీరు దూరం జరగండి ఆ బండి నుంచి" అన్నాను.

ఆయన పోయి రాయి మీద కూర్చుండిపోయారు. అది చూసి అక్కా దిగింది. నేనూ బెదిరిపోయి కూర్చున్నాను, అదీ ఆయన ఎదుటే.

అప్పుడు వెనక నుంచి డోలు చప్పుడు వినిపించింది. దసరా చూసుకుని ఊళ్లకు తిరిగి నడుస్తున్న మాడియాల గుంపు. నిన్నటిదాకా రథం లాగిన చేతులు. అక్క వాళ్లను చూసింది, కారును చూసింది. హల్బీలో పిలిచింది. ఆమె ఏదో చెబుతుంటే వాళ్లు ముందు నవ్వారు, తర్వాత తలలూపారు. "మా అరుగు దగ్గర మలుపుల చూసేదాన్ని చెల్లే. ముందు లాగేటోళ్లే గాదు, ఉరకకుంట ఎన్కకు పట్టేటోళ్లు సుత ఉంటరు రథానికి" అంది నాతో.

వాళ్లు గొడ్డళ్లతో అడవిలోకి పోయి బొటనవేలంత లావున అడ్డతీగలు కోసుకొచ్చి, మెలేసి, వెనక ఇరుసుకు కట్టారు. ఒక దుంగ కూడా వేలాడదీశారు, నేలమీద ఈడ్చుకుంటూ రావడానికి. బావగారు ఇంజను ఆపి స్టీరింగు దగ్గర కూర్చున్నారు. అప్పుడు అక్క తనే వచ్చి, తన తలుపు దగ్గర నిలబడింది.

"తియ్యిన్రి. ఇప్పుడు కూసుంట."

బావగారు మళ్లీ దిగి, చుట్టూ తిరిగి వచ్చి తీశారు.

అలా దిగింది ఆ కారు దర్భా ఘాట్. ఇంజను నోరు మూసుకుంది. వెనక మాడియాలు తీగలు పట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి, పాట పాడుతూ ఒక్కొక్క అడుగే వదులుతున్నారు. మా ఆయన కూడా తీగ పట్టాడు. నేను వెనక నడుస్తున్నాను. వెనక అద్దంలోంచి అక్క తల కనిపిస్తోంది. ఒక్కతే, నిటారుగా, పరదా పక్కకు తీసుకుని, అటూ ఇటూ చూస్తూ కూర్చుంది. రథంలో దేవతలా ఉందంటే ఆమె నవ్వేది. ఆ మాటకొస్తే నవ్వుతూనే ఉంది. బావగారు దారిని ఎంత చూశారో, ముందు అద్దంలో ఆమెను అంత చూశారు.

కిందికి వచ్చాక జగదల్‌పూర్‌లో కొన్న మిఠాయి అంతా వాళ్లకు పంచింది అక్క. తర్వాత బావగారిని అడిగింది, "ఏమండీ, నన్ను మోసినట్టేనా ఇది?"

"లేదు. ఆళ్లు పట్టింది బండిని. నువ్వు కూసున్నవంతే" అన్నారాయన. అక్కకు ఆ తీర్పు నచ్చింది.

ఆ తర్వాత దిగుడుదేముంది అనే మాట ఆయన నోట నేను వినలేదు. పెద్ద బ్రేకుల కోసం కోస్తాకు కబురు మీద కబురు పంపారు, అవి వస్తున్నాయి వస్తున్నాయి అనేవారు. కారు వెనక పెట్టెలో మాత్రం లావుపాటి మోకు ఒకటి చేరింది. నాతో మళ్లీ స్తంభాల ద్వారానే మాటలు. ఘాట్ మీద మాట ఘాట్ మీదే.

అక్క మరుసటి దసరా చూడలేదు. ఆ ఎండాకాలం, మధ్యాహ్నం పూట, లోపలి గదిలో ఊపిరి ఆగిపోయింది. బావగారు వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో ఆగారు. ఈసారి మాట మళ్లీ అందుకోలేదు. మాకెవరికీ తెలియకముందే ఆయనకు తెలిసింది.

వాకిట్లో వెదురు కోసి పాడె కడుతున్నారు. బావగారు వచ్చి చూసి, "మొయ్యద్దు" అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. "ఆమెకు మోయించుకునుడు పడది. బండి తెస్త."

పెద్దలు అభ్యంతరం చెప్పారు. శాస్త్రం లేదన్నారు, నలుగురు భుజం పట్టకపోతే ఎట్లా అన్నారు. "భుజం వద్దు. మోకు పట్టున్రి" అన్నారాయన. మా ఆయన మారుమాట్లాడకుండా పోయి మోకు తెచ్చాడు. మా గోదాములో మూటలు మోసే దొర్లవాళ్లు, ఇరుగుపొరుగు మగవాళ్లు, చివరికి ఆ శాస్త్రం చెప్పిన పెద్దమనిషి కూడా దానికి చెయ్యి వేశారు.

ఆడవాళ్లు కాటికి, ఆ ఏటి ఒడ్డుకు పోవడం మాలో లేదు. నేను గడప లోపల నిలబడి ఉన్నాను. బావగారు అక్క వైపు తలుపు తీసి పట్టుకుని నావైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు ఎన్క కూసో. తల పట్టుకో. బ్రేకులు ఇంక రాలే."

ఆయన నాతో నేరుగా అన్న రెండో మాట అది. నేను ఎవరినీ అడగలేదు. పోయి కుడివైపు కూర్చున్నాను, అక్క తల నా ఒళ్లో పెట్టారు.

మా ఇంటి నుంచి శబరి ఒడ్డుదాకా ఒకటే వాలు. ఇంజను వేయలేదు. వెనక మోకు బిగిసింది, కారు అడుగడుగూ కదిలింది. ఈసారి ఎవరూ పాడలేదు. బావగారు చెప్పుల్లేని కాళ్లు ఆ పనికిరాని బ్రేకు మీదే పెట్టుకుని కూర్చున్నారు. ముందు అద్దంలోంచి ఒకటి రెండుసార్లు చూశారు. నేను అక్క మొహం మీద జుట్టు సర్దాను, ఆయనకు కనపడాలని.

ఒడ్డున ఆమెను అక్క వైపు తలుపులోంచే దించారు. నేను కారులోనే ఉండిపోయాను. అంతా అయ్యాక ఆయన తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చి కూర్చున్నారు. మోకు విప్పేశారు, ఇంటికి ఎక్కడానికి అది అక్కర్లేదు. ఇంజను వేశారు. ఇద్దరమే ఉన్న కారును అది ఏమాత్రం కష్టం లేకుండా, ఒక్క గుక్కలో పైకి లాక్కొచ్చింది. అంత తేలిగ్గా ఎక్కడం నాకు భరించరానిదిగా అనిపించింది.

వాకిట్లో ఆపి, బావగారు దిగారు. ఎప్పటిలాగే చుట్టూ తిరిగి వచ్చారు. అక్క వైపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ దిగలేదు. ఆయన తలుపు వేయలేదు, లోపలికీ చూడలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

నా పక్కన నా తలుపు ఉంది. ఆయన పట్టుకున్న తలుపులోంచి, ఆయన ఎదుటి నుంచి నడవకూడదని నాకు తెలుసు. నేను ఆ సీటు మీద మెల్లగా జరిగి, అక్క వైపు నుంచే దిగాను.